కొంగు వదలని ఆడపడుచు

మా అత్తారింట్లో ఆడపడుచులు లేరని తెలిసిన రోజున నేను మనసులోనే కొబ్బరికాయ కొట్టుకున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒకరి అలక తీర్చలేదు, ఒకరి చేత నా వంటకి వంకలు పెట్టించుకోలేదు. అలాంటిదాన్ని, కిందటి జూన్‌లో పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక ఆడపడుచుకి ఊడిగం చేశాను. దానికి తల లేదు, కళ్ళు లేవు, మెదడు అసలే లేదట. చేతులు మాత్రం కావలసినన్ని. నవ్వుతారేంటి? చెప్పేది పూర్తిగా వినండి ముందు.

మాది అంతర్వేదికి ఇవతల నత్తలపేట. ఒక పక్క సముద్రం, ఒక పక్క కాలవ. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని గవర్నమెంటు వాళ్ళు రెండు నెలలు వేట ఆపేస్తారు. చేపలకి అది మంచిదే, నేను కాదనను. చేపలు పట్టేవాడి పెళ్ళాం గురించి మాత్రం ఎవరూ ఆలోచించలేదు. ఆ రెండు నెలలూ మొగుడు ఇంట్లోనే ఉంటాడు కదండీ.

మా ఆయన సత్తియ్య చెడ్డవాడు కాదు. తాగడు, పల్లెత్తు మాట అనడు. ఆయనతో చిక్కల్లా ఒకటే, చేతులు ఊరుకోవు. వలలు కట్టుకునే చేతులకి పని లేకపోతే ఇంటి మీద పడతాయి. మొదటి వారం గుమ్మడికాయకి వల అల్లి దూలానికి వేలాడదీశాడు. బాగుందిలే అన్నాను. అదే నా బుద్ధితక్కువ. తరవాత టీవీ రిమోటుకి అల్లాడు, బొత్తాం నొక్కుదామంటే వేలు దూరదు. గ్యాసు బండని గోడకి కట్టాడు. ఉప్పు డబ్బా మూతకి ఒక ముడి, పోపుల పెట్టెకి ఒక ముడి. దండెం మీద నా చీరలన్నిటికీ ముళ్ళు వేసి, "ఇంక గాలికి ఎగిరిపోవు" అన్నాడు. ఎగిరిపోవు సరే, విప్పేదెవరు? తుపానుకి కూడా ఊడని ముడి అది. చుట్టాలింట్లో పెళ్ళికి బయల్దేరి, నా పట్టుచీర విప్పి ఇమ్మని మొగుణ్ణి బతిమాలుకున్న ఆడది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అక్కడితో ఆగినా బాగుండేది. నేను పాలకొల్లు సంతలో ఎండుచేపలు అమ్ముతాను. ఖాళీగా ఉన్నాను కదా సాయం వస్తానని వెంటబడ్డాడు. ఒకావిడ వచ్చి చేపలు చేత్తో పట్టి చూసి, "ఇసక ఉండదు కదమ్మా?" అని అడిగింది. ఉండదండి అనబోతున్నాను, ఇంతలో ఈయన అందుకుని, "ఇసకలో ఎండబెడితే ఇసకుండకుండా ఎలా ఉంటాదండీ, బాగా కడుక్కోవాలండి" అన్నాడు. ఆవిడ ఎంతో మర్యాదగా పక్క గంప దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను ఆయనతో ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. వేట ఎప్పుడు తెరుస్తారా, ఈ మనిషి ఎప్పుడు సముద్రం మీదికి పోతాడా అని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

వేట తెరిచే రోజుకి మా పేటలో ఒక ఆచారం ఉంది. ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలీదు. ఆ పొద్దున పడవలన్నీ వెళ్ళి ఒకే ఒక్క వల వేసి వచ్చేస్తాయి. ఆ వలలోంచి ప్రాణంతో మొట్టమొదట చేతికి తగిలింది ఏదైనా సరే, అది గంగమ్మ కూతురు, ఆ ఇంటికి ఆడపడుచు. దాన్ని ఇంటికి తీసుకొచ్చి, పసుపు కుంకుమ ఇచ్చి, చలిమిడి పెట్టి, సాయంత్రం సారెతో మళ్ళీ సముద్రానికి సాగనంపాలి. ప్రాణంతో పంపిస్తే మర్నాడు ఆ పడవ అసలు వేటకి పోతుంది. ఇంట్లో ప్రాణం పోయిందో, పౌర్ణమి దాకా ఆ పడవ ఒడ్డున కూర్చోవలసిందే. పౌర్ణమి అంటే ఇంకా పక్షం రోజులుంది. పక్షం రోజులు మా ఆయన ఇంట్లో! ఆ ఆలోచనకే నాకు కళ్ళు తిరిగాయి.

అందుకే పేటలో బుద్ధున్న మగాళ్ళంతా ఆ రోజున వలలో ముందు పీతనే పట్టుకుంటారు. పీత ఓ పట్టాన చావదు. బకెట్టులో పడేసి ఎవరి పని వాళ్ళు చేసుకున్నా సాయంత్రానికి డెక్కలాడిస్తూనే ఉంటుంది. ముందురోజు నేను ఆయనకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "పీత. ముందు పీత. వేరే దేని వంకా చూడకు."

పొద్దెక్కాక మా ఆయన కుడిచెయ్యి పైకెత్తి పట్టుకుని, ఎడం చేత్తో బకెట్టుడు సముద్రపు నీళ్ళు మోసుకుంటూ వచ్చాడు. మణికట్టుకి ఏదో ఎర్రటి ఈకల గుత్తి చుట్టుకుని ఉంది. ఈకల కొసలు పసుపచ్చగా ఉన్నాయి.

"పీతేదయ్యా?" అన్నాను.

"పీత ఉంది దుర్గా. దాన్ని పట్టుకుందామనే చెయ్యి పెట్టాను. ఇదొచ్చి నన్ను పట్టేసుకుంది."

"నువ్వు పట్టుకోలేదు కదా, అయితే లెక్కలోకి రాదు."

"చిట్టియ్య మావ చూసేశాడే" అన్నాడు నేల చూపులు చూస్తూ.

చిట్టియ్య మావ మా పేటకి పెద్ద. ఆయన అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ప్రాణముందా? ఉంది. చేతికి తగిలిందా? తగిలింది. ఇంకేంటమ్మాయ్, ఇది మీ ఆడపడుచే" అని తీర్పు చెప్పేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ పెద్దాయన, ఏమంటాం?

ఇత్తడి గంగాళం కడిగి, అందులో బకెట్టు నీళ్ళు పోసి చెయ్యి ముంచమన్నాను. నీళ్ళు తగిలేసరికి అది మెల్లిగా ఆయన మణికట్టు వదిలి లోపలికి జారింది. కింద సన్నటి కొక్కేల్లాంటి కాళ్ళు, వాటితో గంగాళం అంచు పట్టుకుంది. పైన చేతులు, ఒక్కో చేతికీ రెండు పక్కలా ఈకలు. మా అమ్మాయి అశ్విని నరసాపురంలో డిగ్రీ చదువుతోంది. ఫోనుతో ఫోటో తీసి, అందులోనే వెతికి చెప్పింది.

"దీన్ని ఫెదర్ స్టార్ అంటారంట అమ్మా. చేప కాదు, మొక్క కాదు. నక్షత్రం చేపలకి చుట్టం. వెచ్చటి సముద్రాల్లో రాళ్ళ మీద, పగడాల మీద ఉంటుందంట. చాలావరకు పగలు ఏదో సందులో ముడుచుకుని ఉండి, చీకటి పడ్డాక ఎత్తయిన చోటు ఎక్కి చేతులన్నీ చాపుకుని నిలబడుతుందంట. నీళ్ళలో కొట్టుకొచ్చిన నలకలు చేతులకి తగిలితే వాటిని అలా అలా నోట్లోకి జరుపుకుంటుందంట."

"అంటే ఇంట్లో పని చెయ్యదు, చేతులు చాపుకుని కూర్చుంటే అన్నీ నోటికి రావాలి. అచ్చం ఆడపడుచే" అన్నాను.

"మెదడు కూడా లేదంట."

"పోనీలే, ముళ్ళయితే వెయ్యదు కదా" అన్నాను. మా ఆయన వినపడనట్టు పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మా అత్త అప్పాయమ్మ ఈ ఆచారాలన్నిటికీ అధికారి. స్నానం చేసి, మడిచీర కట్టుకుని, కుంకుమ భరిణ తెచ్చుకుని గంగాళం ముందు చతికిలబడింది. అటూ ఇటూ వంగి చూసింది. "దీని మొహం ఎక్కడుందే? బొట్టెక్కడ పెట్టాలి?" అంది. ఎవరికీ తెలీలేదు. మధ్యలో బొడిపెలా ఉన్నచోటే మొహం అయి ఉంటుందని తేల్చుకుని, అక్కడ కాస్త కుంకుమ అద్ది, చలిమిడి నలిపి చిటికెడు పెట్టింది.

ఇంతలో అశ్విని ఫోను చూస్తూ కిసుక్కున నవ్వింది. "నాన్నమ్మా, దీని నోరు పైనే ఉంటుందంట. కానీ ఆ రెండోది కూడా పైనే, నోటి పక్కనే ఉంటుందంట."

"ఏ రెండోది?"

అశ్విని చెవిలో చెప్పింది. మా అత్త మొహం చూడాలి అప్పుడు! చేతిలో చలిమిడి కిందపడేసి, "రామ రామ! మరి నేను నైవేద్యం దేంట్లో పెట్టానే?" అని గుండెలు బాదుకుంది. చెప్పగలిగిన వాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. నేను నవ్వలేక గోడ పట్టుకుని కూర్చున్నాను.

ఆ నవ్వు ఎంతోసేపు మిగల్లేదు. నేను పెరట్లో బియ్యం కడుక్కుని వచ్చేసరికి గంగాళంలోని సముద్రపు నీళ్ళు వాకిట్లో పారుతున్నాయి. మా అత్త చేతిలో రాగిచెంబు ఉంది. గోదావరి పుష్కరాలప్పుడు రాజమండ్రి వెళ్ళి, కోటిలింగాల రేవులో పట్టుకొచ్చి, మూత బిగించి దేవుడి గూట్లో దాచుకున్న నీళ్ళు. ఆ చెంబు ఖాళీగా ఉంది. అదీ చాలదన్నట్టు తాగడానికి తెచ్చుకున్న గోదారి నీళ్ళ బిందె కూడా పక్కన ఖాళీగా ఉంది.

"ఇంటికొచ్చిన ఆడపిల్లని ఉప్పునీళ్ళలో ఉంచుతామా? తలంటు పోశాను" అంది మా అత్త, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే. "చూడవే, నీళ్ళెలా పచ్చబడ్డాయో. తల్లి పసుపు తనే ఇత్తంది!"

నీళ్ళు నిజంగానే పచ్చబడ్డాయి. ఆడపడుచు మాత్రం చేతులన్నీ బిగించి ఉండచుట్టుకుపోయింది. నేను చూస్తుండగానే ఒక చెయ్యి ఊడి వేరుగా తేలింది. ఊడిన చెయ్యి తనంతట తనే మెలికలు తిరుగుతోంది. అశ్విని కెవ్వున అరిచింది. "నాన్నమ్మా! సముద్రంలో బతికేదానికి మంచినీళ్ళు పడవు! చచ్చిపోతుంది!"

"గోదారి నీళ్ళు పడనోళ్ళు ఉంటారేంటే భూమ్మీద?" అంది మా అత్త.

ఆవిడ అడిగినదాంట్లో తప్పులేదు. మా వైపు పుట్టినవాళ్ళెవరైనా అదే అడుగుతారు. నేను తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడావిడ మెల్లిగా, "నా ఆఖరి గుక్కకని దాచుకున్నవే" అంది. ఇంక ఏం తిడతాను? నోరు మూసుకుని పెరట్లోకి వెళ్ళి, ఏ పాపమూ ఎరగని మా ఆయన్ని తిట్టాను. ఆయన రెండు బిందెలు పట్టుకుని పరిగెత్తాడు.

పరిగెత్తి ఎక్కడికి వెళ్ళాడు? దగ్గర కదా అని కాలవకి! ఆ బిందెలో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను. సముద్రం పోటు తీసేసి ఉంది, కాలవ నీళ్ళలో ఉప్పు ఊసే లేదు. "ఏమయ్యా, పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ ఇక్కడే ఉన్నావు, నీకు పోటు పాటు తెలీదా?" అని బిందె వాకిట్లో బోర్లించి, చీర ఎగ్గట్టి సముద్రానికి నేనే పరిగెత్తాను. ఇసక కాళ్ళు కాల్చేస్తోంది. వెనకాల ఆయన, ఆయన వెనకాల పేటలో కుక్కలు. నడుంలోతు దిగి నింపుకుని, మళ్ళీ అదే పరుగున వచ్చి గంగాళం నిండా కుమ్మరించాను. దేవుడా, ఈ ఒక్క సాయంత్రం దాకా బతికించు, ఈ మనిషిని రేపు పడవెక్కించు అని మొక్కుకున్నాను. చాలాసేపు అది కదల్లేదు. తరవాత ఒక చెయ్యి విప్పింది. ఇంకాసేపటికి ఇంకొకటి. నేను గుమ్మంలో కూలబడి ఏడ్చాను, సిగ్గు లేకుండా.

"ఊడిన చెయ్యి మళ్ళీ మొలుస్తుందంట అమ్మా" అని అశ్విని ధైర్యం చెప్పింది. మా అత్త ఆ ఊడినదాన్ని జాకెట్టు ముక్కలో చుట్టి దేవుడి గూట్లో పెట్టింది. సాయంత్రానికల్లా ఇల్లంతా కంపు.

ఇంక నేను ఎవర్నీ నమ్మలేదు. అట్లకాడ పుచ్చుకుని గంగాళం పక్కనే కూర్చున్నాను. ఊరికే ఉంటారా జనం? పక్కింటావిడ గ్లాసుతో పాలు తెచ్చింది. చిట్టియ్య మావ కొబ్బరిబొండం కొట్టించుకుని మరీ వచ్చి, "ఎండగా ఉంది కదమ్మాయ్, ఆడపడుచుకి చలవ చేస్తాది" అని వంచబోయాడు. నేను అట్లకాడ ఎత్తాను. "మావా, ఒక్క చుక్క పడిందా చెయ్యి విరగ్గొడతాను. దాని చెయ్యి మళ్ళీ మొలుస్తాది, మీది మొలవదు." ఆయన బొండం తనే తాగేసి వెళ్ళిపోయాడు.

నీళ్ళు వేడెక్కితే మార్చాలి కదా. అలా ఒకసారి మారుస్తూ వంగినప్పుడు నా కొంగు గంగాళంలో పడింది. తీసేలోపల ఆడపడుచు అంచు వదిలేసి నా కొంగెక్కి కూర్చుంది. కొక్కేలన్నీ నేతలోకి దించేసింది. లాగబోతే అశ్విని అరిచింది. "లాగకమ్మా, కాళ్ళు తెగిపోతాయి!" చిట్టియ్య మావకి కబురు వెళ్ళింది. ఆయన దూరంగా నిలబడి, అట్లకాడ అందనంత దూరంలో, ఇంకో తీర్పు చెప్పాడు. "వదిన కొంగు పట్టుకుందంటే వదినే సాగనంపాలి. లాగకూడదు. దానంతటది వదిలితేనే పంపినట్టు."

మధ్యాహ్నం నించీ నేను గంగాళానికి కట్టేసిన గొడ్డునైపోయాను. వంట మా ఆయన చేశాడు. చింతపండు ఎక్కడ, కారం ఎక్కడ అని ఒక్కమాట అడగలేదు, అన్నీ తెలిసిపోయాయి ఆయనకి ఈ రెండు నెలల్లో. పులుసన్నం కలిపి తెచ్చి, అందరూ చూస్తుండగానే నాకు ముద్దలు పెట్టాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. పులుసు బాగుంది. ఆ మాట మాత్రం ఆయనతో అనలేదు.

పొద్దు వాలుతుండగా డప్పులతో బయల్దేరాం. గంగాళం మా ఆయన ఎత్తుకున్నాడు, కొంగు అందులో వేలాడేసి నేను పక్కన ఒంగి ఒంగి నడిచాను. వెనక మా అత్త సారె పళ్ళెంతో వచ్చింది. చిన్న నావలో మేమిద్దరమే ఎక్కాం. నాకు ఈత రాదని ఆయన నా నడుముకి తాడు కట్టి రెండో కొస నావకి కట్టాడు.

అలలు దాటాక ఇంజను ఆపాడు. అక్కడ అడుగున ఎప్పుడో మునిగిపోయిన పాత సరుకుల బార్జీ ఉంది, దీనికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అన్నాడు. నేను అంచున కూర్చుని కొంగు నీళ్ళలోకి వదిలాను. అది చేతులన్నీ పూర్తిగా విప్పుకుంది. గంగాళంలో ఇరుక్కుని ఉన్నప్పుడు తెలీలేదు గానీ, ఎంత అందంగా ఉందో! కొంగు మాత్రం వదల్లేదు.

ఫోను మోగింది. ఒడ్డున ఉన్న చిట్టియ్య మావ. "వదిలిందా అమ్మాయ్?"

"ఇంకా లేదు మావా."

"తొందరపెట్టకు" అని చెప్పి పెట్టేశాడు. మళ్ళీ కాసేపటికి తనే తొందరపడి చేశాడు. మళ్ళీ అదే జవాబు చెప్పాను.

మా ఆయన ఎదురుగా కూర్చుని నీళ్ళలోకి చూస్తున్నాడు. "రేపు ఈపాటికి నీకు హాయి" అన్నాడు. తరవాత నవ్వుతూనే, "నేను పోతే అంత సంతోషమేంటే నీకు?" అని అడిగాడు. నవ్వు సరిగ్గా రాలేదు.

"సంతోషమే" అన్నాను. అలవాటైన నోరు కదా, ఆగలేదు. "ఈ రెండు నెలలూ నా ప్రాణం తోడేశావు. సంతలో పరువు తీశావు. ఇంట్లో ఒక్క డబ్బా మూత తీయనివ్వలేదు..." అంటూ నడుముకున్న తాడు చేత్తో పట్టుకున్నాను. "కానీ ఈ రెండు నెలలూ గాలేస్తే లేచి కూర్చోలేదయ్యా నేను. వాన పడితే దుప్పటి ముసుగేసుకుని నిద్రపోయాను. రేపట్నించి తలుపు కొట్టుకున్నా గుండె ఆగిపోతాది. నువ్వు వెళ్ళిన ప్రతిసారీ నాకు భయమే. ఆ భయం చెప్పడం చేతకాక తిడతాను."

ఆయన లేచొచ్చి నా పక్కన కూర్చున్నాడు. నావ ఒక పక్కకి ఒరిగింది.

అప్పుడు కొంగు తేలికైనట్టనిపించింది. ఇద్దరం వంగి చూశాం. అది కొక్కేలన్నీ విప్పేసుకుంది. కొన్ని చేతులు పైకి, కొన్ని కిందికి ఊపుకుంటూ నీళ్ళలో మెల్లిగా లోపలికి దిగిపోయింది. ఆగవే, కాసేపుండవే, ఏం తొందరొచ్చింది నీకు అని నా నోటిదాకా వచ్చింది. పొద్దున్నించి దేనికోసం చచ్చానో అది జరిగింది.

ఫోను మళ్ళీ మోగింది. "ఏమ్మా, ఇప్పుడైనా వదిలిందా లేదా?" అన్నాడు చిట్టియ్య మావ. వెనకాల డప్పులు ఆగిపోయి అందరూ వింటున్నట్టున్నారు.

నా కొంగు ఖాళీగా నీళ్ళలో తేలుతోంది. నేను దాన్ని పైకి తియ్యలేదు.

"లేదు మావా" అన్నాను. "ఇంకా గట్టిగానే పట్టుకుంది. చాలాసేపు పట్టేట్టుంది."

మా ఆయన నా మొహంలోకి చూశాడు. వెళ్ళి లంగరు దించాడు.